బయోడేటాలో చివరి పేజీ

ఆ రోజుల్లో డబ్లిన్‌లో దిగిన తెలుగు పిల్లలు సిమ్ కార్డు కొనుక్కోగానే వెతుక్కుంటూ వచ్చేది నా దగ్గరికే. నేనేమీ ఉద్యోగాలు ఇప్పించేదాన్ని కాదు, రెజ్యూమెలు దిద్దేదాన్ని. శనివారం పొద్దున పదయ్యేసరికి క్లాండాల్కిన్‌లో మా అద్దింటి ముందుగదిలో ఇద్దరో ముగ్గురో ఎమ్మెస్ పిల్లలు లాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. చూసేదాన్ని, తిట్టేదాన్ని, దిద్ది పంపేదాన్ని. మా ఆయన అందరికీ చాయ్ ఇచ్చి, "మా దగ్గర ఫీజు లేదు, తిట్లు మాత్రం ఫ్రీ" అని నవ్వేవాడు. లెపర్డ్స్‌టౌన్‌లో నా ఉద్యోగమూ అలాంటిదే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు చేసిన పనిలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. అందుకని నా చేతిలోంచి వెళ్ళిన కాగితంలో తప్పుండదని నాకు పొగరు. పొగరని ఇప్పుడంటున్నాను గానీ అప్పుడు దాన్ని అనుభవం అనేదాన్ని.

నా ఫార్మాట్ హన్మకొండలో ఒక డీటీపీ సెంటర్ వాడు నా మొదటి ఉద్యోగం కోసం కొట్టిచ్చింది. చదువు, ప్రాజెక్టులు అన్నీ అయ్యాక చివర ఒక పేజీ. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, సొంతూరు, పర్మనెంట్ అడ్రసు. కింద 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అని డిక్లరేషను, పక్కన ఫోటో, సంతకం. అందులో కులం ఎందుకని నాకెప్పుడూ తోచలేదు. బడిలో చేరిన రోజు నుంచి ప్రతి అప్లికేషన్‌లో ఆ గడి చూస్తూనే ఉన్నాం, నింపుతూనే ఉన్నాం. ఒకసారి ఒక గుంటూరు పిల్ల భయపడుతూనే, "అక్కా, ఈ పేజీ ఇక్కడ అక్కర్లేదంట. వయసు కూడా రాయకూడదని మా కాలేజీలో ఒకావిడ చెప్పిందండీ" అంది. "ఉంటే నష్టమేంది? అడిగిననాడు లేకుంటే నష్టం గనీ" అని దాని నోరు మూయించాను. ఆ పిల్లలంతా ఇంటికెళ్ళి ఆ పేజీ తీసేసి పంపుకునేవాళ్ళట. చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు. నాకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా టీంలో ఒక ఇరాకీ ఆయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. యుద్ధానికి చాలా ముందే బాగ్దాద్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మా ఇంట్లో ఆయన్ని పెద్దాయన అనుకునేవాళ్ళం, ఆయన నన్ను సిస్టర్ అనేవాడు. మధ్యాహ్నం నా డబ్బాలో పప్పు సగం ఆయనదే. మిగతావాళ్ళు ఇళ్ళ ధరల గురించి, కొత్త కార్ల గురించి మాట్లాడుకుంటుంటే మేమిద్దరం కిటికీ పక్కన కూర్చుని మా మా ఊళ్ళ గురించి చెప్పుకునేవాళ్ళం. ఆయనకు లోకంలో మిగిలింది ఒక్క తమ్ముడు. వయసులో పదిహేనేళ్ళు చిన్న. బాగ్దాద్‌లోనే ఉండిపోయాడు. పెద్దాయన చేతుల మీద పెరిగినవాడట, అందుకని తమ్ముడి మాట వచ్చినప్పుడల్లా 'నా పిల్లాడు' అనేవాడు.

అమెరికా సైన్యం ఇరాక్‌లో దిగి అప్పటికి మూడేళ్ళు దాటింది. మొదటి ఏడాది ఆయన కూడా ఆశగానే ఉన్నాడు. తర్వాత తర్వాత ఒక్కో సంగతి చెప్తుంటే నేను తినడం ఆపేసేదాన్ని. వాళ్ళ వీధిలో షియా ఎవరో సున్నీ ఎవరో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టేది కాదట. వాళ్ళ నాన్న ఒకటి, అమ్మ ఇంకొకటి. పెళ్ళిలో దాని గురించి ఎవరూ నోరు మెదపలేదట. ఇప్పుడదే వీధికి రెండు చివర్లా గోడలు లేచాయి. పాల దుకాణం వాడు రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పోయాడు, వాడింట్లో ఇంకెవరో దిగారు. పోలీసు బట్టలు వేసుకున్నవాడు పోలీసో కాదో తెలియదు. దారిలో ఆపి పేరడుగుతారు. పేరు చెప్తే ఏ పక్కవాడివో తెలిసిపోతుంది. పేరుతో తెలియకపోతే తండ్రి పేరు, దానితోనూ తెలియకపోతే ఎక్కడుంటావని. ఒక పక్క చెక్‌పోస్టులో బతికించే పేరు రెండో పక్క చెక్‌పోస్టులో చంపేస్తుంది. అందుకని జనం రెండు గుర్తింపు కార్డులు పెట్టుకుని తిరుగుతున్నారు, ఒకటి నిజంది, ఒకటి దొంగది.

నేను అయ్యో అయ్యో అంటూ విన్నాను. విన్నది తలకెక్కలేదు. మా ఊరి ముచ్చట్లు చెప్పేటప్పుడు నేను కూడా ఫలానా వాళ్ళు ఏమిట్లు, అంటే ఏ కులం, ఎవరి తాలూకు అని మొదలుపెట్టేదాన్నే. కొత్తగా ఎవరైనా తెలుగువాళ్ళు కలిస్తే ఇంటిపేరు, ఊరు, ఆ ఊళ్ళో ఫలానా వాళ్ళు తెలుసా అని మూడు ముక్కల్లో కూపీ లాగేదాన్ని. మనకది మర్యాద. ఆయన చెప్పేదీ నేను చేసేదీ ఒకటేనని నాకు ఒక్కసారైనా తట్టలేదు.

ఆ ఏడు మా కంపెనీ విపరీతంగా పెరిగింది. కుర్చీలు వచ్చేలోపే మనుషులు వచ్చేస్తున్నారు. డేటాబేస్ పనికి మనుషులు దొరకడం లేదు. తమ్ముడిది అదే పని. పెద్దాయన అడిగితే నేనే తమ్ముడి రెజ్యూమె కూర్చాను. మా ఆఫీసులో రెండు పేజీలు చాలన్నారు, అందుకని అప్పుడు చదువు, అనుభవం ఉన్న పేజీలే వెళ్ళాయి. ఫోన్‌లో ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది, వర్క్ పర్మిట్ కూడా వచ్చింది. పెద్దాయన క్యాంటీన్‌లో నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఇక మిగిలింది వీసా. బాగ్దాద్‌లో ఐర్లాండ్ ఆఫీసు లేదు. తమ్ముడు కారులో ఎడారి దాటి జోర్డాన్ వెళ్ళి అక్కడ కాగితాలు ఇవ్వాలి.

"వీసా ఫైలు నాకు వదిలెయ్యండి" అన్నాను. వీసా ఫైళ్ళ విషయంలో మా తెలుగువాళ్ళను మించినవాళ్ళు లోకంలో లేరని నా నమ్మకం.

ప్రయాణం సంగతి పెద్దాయన చూసుకున్నాడు. డిగ్రీ పట్టాలు నెల ముందే ఒక బంధువుతో జోర్డాన్ చేరాయి. పాస్‌పోర్టును డ్రైవరు సీటు లోపల కుట్టేస్తాడు. మొదటి సగం దారికి తమ్ముడి జేబులో దొంగ కార్డు ఉంటుంది, దాని మీద పేరు వేరు, తండ్రి పేరు వేరు. ఒంటి మీద గానీ సంచిలో గానీ అసలు పేరున్న చీటీ ముక్క కూడా ఉండకూడదు. ఇదంతా ఆయన తమ్ముడికి ఫోన్‌లో చెప్పుకున్నాడు. నాకు చెప్పాల్సిన అవసరం ఉందని ఆయనకు తెలియదు.

నేను తమ్ముడికి నేరుగా మెయిల్ రాశాను. ఆఫీసు అడ్రసు నుంచి రాశాను. ఫైలులో బయోడేటా ఉండాలి, ఈ వివరాలు పంపు అని ఒక జాబితా. కులం గడి దగ్గర ఒక్క క్షణం ఆగాను. వాళ్ళకు కులం ఉండదు కదా అని అది కొట్టేసి, షియానా సున్నీనా అని మార్చాను. ఎంత బాగా ఆలోచించానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మర్నాటికి జవాబు వచ్చింది. గడి గడికీ నింపాడు. నేను ఎవరో ఆఫీసరమ్మననుకున్నాడు. అతను ఏమని నింపాడో ఇక్కడ రాయను, ఒకసారి రాసిన పాపం చాలు. నేనా పేజీని అందంగా కూర్చి వెనక్కి పంపాను. రెండు సెట్లు ప్రింటు తీయాలి, ఫోటో అంటించాలి, ప్రతి పేజీ మీద సంతకం చేయాలి, చేతిసంచిలో పెట్టుకుని రావాలి, ఇది లేకపోతే ఫైలు తీసుకోరు అని పెద్ద అక్షరాల్లో రాశాను. అన్నీ చెప్పినట్టే చేశానని అతను జవాబిచ్చాడు. తీసుకోరని నాకెవరూ చెప్పలేదు. ఏ వీసా ఫారంలోనూ అలాంటి మాట లేదు. అలా గట్టిగా రాయకపోతే మనవాళ్ళు లెక్కచేయరని నా అలవాటు.

గురువారం తెల్లవారకముందే తమ్ముడు బయల్దేరాడు. నేను పదింటికి ఆఫీసులో ఆ బయోడేటాను మన దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి కదా అని ప్రింటు ఇచ్చాను. ప్రింటరు రిసెప్షన్ పక్కన ఉంటుంది. నేను వెళ్ళేసరికి రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ ఆ చివరి పేజీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఆమెది ఉత్తరాన బెల్‌ఫాస్ట్ వైపు. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్ళు ఒకరినొకరు చంపుకున్న చోట పుట్టి పెరిగింది. ఏమడిగినా నవ్వుతూ, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు అనే గ్రాండ్, గ్రాండ్ తప్ప ఇంకో మాట అనని మనిషి, ఆ రోజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ లైను ఎవరు అడిగారు?" అంది.

"వీసా ఫైలు కోసం" అన్నాను.

"ఇది అతని దగ్గర లేదు కదా? ఇక్కడే ఉంది కదా?"

"అతని దగ్గరా ఉంది. రెండు సెట్లు."

ఆమె కాగితాన్ని మడిచింది, మళ్ళీ విప్పింది. "మా ఊళ్ళో ఎవరైనా ఆపి ఏ బడికి వెళ్ళావని అడిగితే చాలు, ఏ మతమో తెలిసిపోతుందని మా అమ్మ మమ్మల్ని జవాబు చెప్పనిచ్చేది కాదు. నువ్వు ఆ పిల్లాడితో అన్నీ రాయించావు. ఫోటో కూడా పెట్టించావు" అంది. తిట్టలేదు. చాలా నెమ్మదిగా అంది.

అప్పుడు తలకెక్కింది. పెద్దాయన ఇన్ని నెలలుగా చెప్పినదంతా ఒక్కసారిగా తలకెక్కింది. పేరు, తండ్రి పేరు, ఎక్కడుంటావు. చెక్‌పోస్టు వాళ్ళు అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు వరసగా రాయించి, ఇవన్నీ నిజమని సంతకం పెట్టించి, అతని సంచిలో పెట్టించాను. బాగ్దాద్‌లో అప్పటికి మధ్యాహ్నం. అతను దారిలో ఉన్నాడు.

పెద్దాయనకు చెప్పాలి. చెప్పాలని తెలుసు. లేడీస్ టాయిలెట్‌లో ఇరవై నిమిషాలు తలుపేసుకుని కూర్చున్నాను. చెప్పకపోతే ఏమవుతుందని లెక్కలు వేసుకున్నాను. అతను క్షేమంగా చేరితే ఎవరికీ తెలియదు. చేరకపోతే, ఎందుకు చేరలేదో కూడా ఎవరికీ తెలియదు. ఆ రెండో ఆలోచన నాలో పుట్టినందుకు ఇప్పటికీ నామీద నాకు అసహ్యం. చివరికి ముఖం కడుక్కుని ఆయన డెస్క్ దగ్గరికి వెళ్ళి కాగితం ముందు పెట్టాను.

ఆయన చదివాడు. అరవలేదు. మూడే ప్రశ్నలు అడిగాడు. ఫోటో ఉందా, సంతకం ఉందా, వాడు నిజంగా ప్రింటు తీశాడా. మూడింటికీ అవుననే చెప్పాను. ఆ పేజీ ఎవరూ అడగలేదని కూడా చెప్పేశాను. ఫోన్ తీసి డ్రైవరుకు చేశాడు, తగల్లేదు. తమ్ముడికి చేశాడు, తగల్లేదు. మళ్ళీ చేశాడు. ప్రతిసారీ అదే రికార్డు మాట వినిపిస్తుంటే పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఫోన్ నా చేతికిచ్చాడు. నేను నొక్కుతూ కూర్చున్నాను.

సాయంత్రం ఆయన్ని ఒంటరిగా పంపడానికి మనసొప్పక మా ఇంటికి తీసుకొచ్చాను. రెండు లూవస్ ట్రాములు మారి వచ్చేదాకా ఆ నంబర్లే నొక్కుతూ ఉన్నాను. ఎదురు సీట్లో కాలేజీ పిల్లలు నవ్వుకుంటుంటే లేచి వాళ్ళ నోళ్ళు నొక్కేయాలనిపించింది. మా ఆయన తలుపు తీసి నా ముఖం చూసి, "ఏమైందే? గట్లున్నవేంది?" అన్నాడు. వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. "ఎన్ని తాప చెప్పిన, ఆ పేజీ తీసెయ్యమని" అని మాత్రం అని, పోయి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. మా పాప ఒకటో క్లాసు. తెలుగంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే ఇక్కడి ఇంగ్లీషే. నా చేయి పట్టుకుని, "అంకుల్ ఓకేనా మమ్మీ? హీ డజంట్ లుక్ గ్రాండ్" అంది. టీవీ పెట్టి కూర్చోబెట్టాను.

ఎండాకాలం కాబట్టి ఏడైనా ఇంట్లో ఎండ పడుతూనే ఉంది. అన్నం వండాను, ఎవరూ తినలేదు. ఆయన నమాజుకు మూలన ఒక దుప్పటి పరిచాను. దేవుడి పటాలున్న అల్మరా తలుపు మూయాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, "ఉండనీ సిస్టర్, ఎవరైనా వినాలి" అన్నాడు. ఆయన వంగి లేస్తుంటే నేను ఆ అల్మరా ముందే నిలబడి, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ తెలియని దేవుడికీ దండం పెట్టాను. ఆ పిల్లాడు బతికితే చాలు, ఇంకే కాగితం ముట్టనని మొక్కుకున్నాను.

ఎనిమిది దాటాక ఫోన్ మోగింది. ఆయన తీయలేక నా వైపు తోశాడు. అవతల గొంతు అరబీలో గబగబా ఏదో అంది, నాకు అర్థం కాలేదు, కానీ గొంతు కుర్రదని అర్థమైంది. ఫోన్ ఆయన చెవికి ఆనించాను. విన్నాడు. కుర్చీలోంచి జారి కింద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చేరాడు, చేరాడు" అని నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ఏడ్చాడు, నేను ఏడ్చాను. మమ్మల్ని చూసి పాప కూడా మొదలుపెట్టింది. పది నిమిషాల తర్వాత అందరం చల్లారిన అన్నం పచ్చడేసుకుని తిన్నాం. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

వీసాకు నాలుగు నెలలు పట్టింది. ఆ పేజీని అక్కడెవరూ అడగలేదు, చూడలేదు. చలి మొదలయ్యాక తమ్ముడు డబ్లిన్‌లో దిగాడు. మొదటి ఆదివారమే అన్నదమ్ములిద్దరినీ భోజనానికి పిలిచాను. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు తలుపు వైపు చూస్తూ మాట్లాడే మనిషి. నన్ను మేడమ్ అన్నాడు, ఎంత చెప్పినా మానలేదు. తినడం అయ్యాక, పాప పైకి ఆడుకోవడానికి పోయాక, తనంతట తానే ఆ రోజు సంగతి చెప్పాడు. పెద్దాయనకు అప్పటికే తెలుసని ఆయన తల దించుకోవడం చూసి గ్రహించాను.

కారులో అయిదుగురు. తమ్ముడి పక్కన ఒక ముసలాయన, బడిలో ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. ఊరు దాటాక తుపాకులతో ఆపారు. తమ్ముడు నా కాగితాలను ఒక లావాటి కంప్యూటరు పుస్తకం పేజీల మధ్య దాచాడు. అవి ఉంటే ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. లేకపోతే ఫైలు తీసుకోరని నేను రాశాను కాబట్టి తెచ్చుకున్నాడు. వాళ్ళు పుస్తకం దులిపితే కాగితాలు కిందపడ్డాయి. ఫోటో చూశారు. ఇంగ్లీషు వాళ్ళకు రాదు. ఇదేంటో చదివేవాడు ఎవడని కారులోని వాళ్ళను అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడా మాస్టారు నాకు వచ్చు అని చేయి చాపాడు.

పైనుంచి కిందిదాకా చదివి అరబీలో చెప్పాడట. పేరు దగ్గర, అంతకుముందు చెక్‌పోస్టులో చూపించిన దొంగ కార్డులో పేరు చెప్పాడు. పక్కన కూర్చుని విన్నది గుర్తుపెట్టుకున్నాడు. తండ్రి పేరు కూడా దాంట్లోదే చెప్పాడు. ఆ చివరి గడి దగ్గర, ఆపినవాళ్ళు ఏ పక్కవాళ్ళో అదే చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. వాళ్ళు కాగితాలు తమ్ముడి ముఖాన కొట్టారు. ఆ తర్వాత మాస్టారితో, ఇంత ఇంగ్లీషు ఎక్కడ నేర్చావు, అమెరికావాళ్ళకు తర్జుమా చేసే పనిలో ఉన్నావా అన్నారు. లేదు, బడిలో పాఠం చెప్పుకునేవాణ్ణి అన్నాడు. దిగమన్నారు. దిగాడు. మిగతావాళ్ళను పొమ్మన్నారు.

"తర్వాత?" అన్నాను.

"డ్రైవరు కారు తీశాడు" అన్నాడు తమ్ముడు. ఆయన పేరు ఏమిటని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ దారిలో ఎవరూ ఎవరి పేరూ అడగరట.

మా ఆయన ప్లేట్లు తీయడానికి లేచి, తీయకుండానే మళ్ళీ కూర్చున్నాడు. తమ్ముడు చాలాసేపు గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. అతని కళ్ళల్లో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. ఆ మాస్టారు పోవడానికి ఏదో ఒక కారణం ఉండి ఉండాలని, అదేమిటో నేను చెప్పగలనని నమ్మినట్టు నా వైపు చూశాడు.

"మేడమ్, ఒక్క మాట. ఆ చివరి పేజీ ఇక్కడి ఆఫీసు వాళ్ళు అడిగారా? అది లేకపోతే నిజంగా వీసా వచ్చేది కాదా?"

పెద్దాయన తల ఎత్తలేదు. నిజం తెలిసినవాళ్ళు ఆ గదిలో నేను కాక ఇంకా ఇద్దరున్నారు, ఆయనా మా ఆయనా.

"అవును, అడిగారు. అది లేకపోతే వచ్చేది కాదు" అన్నాను.

తమ్ముడు తల ఊపాడు. పెద్దాయన ప్లేటు కొంచెం దూరం జరిపి, ఇక వెళ్తామని లేచాడు.